షాపులో ఫుల్ సిగ్నల్, ఇంట్లో నాట్ రీచబుల్

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో గవర్నర్‌పేటలోనో ఏ మొబైల్ షాపుకెళ్లి ఏ ఫోన్ చేతిలోకి తీసుకున్నా సిగ్నల్ గీతలు నిండుగానే కనపడతాయి, చుట్టూ మేడల మీద టవర్లు అన్ని ఉంటాయి మరి. అదే ఫోన్‌ని చిట్టినగర్ కొండ వారగా ఉన్న ఇంటికో, గొల్లపూడి దాటాక కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌కో తీసుకెళ్తే ఒక గీతకి పడిపోతుంది, ఫోన్ చేసినవాళ్లకి కవరేజ్ ఏరియాలో లేరన్న మాట వినపడుతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఇంకో ఐదారు వేలు ఎక్కువ పెట్టి ఇంకా ఖరీదైన ఫోన్ కొనడం. సిగ్నల్ కోసమే అయితే ఆ ఐదారు వేలు చాలాసార్లు దండగ. ఎక్కువ పెట్టిన డబ్బు కెమెరాకి, స్క్రీన్‌కి, గేములాడే ప్రాసెసర్‌కి పోతుంది, సిగ్నల్ పట్టే శక్తికీ ఫోన్ ధరకీ ఉన్న చుట్టరికం చాలా దూరపుది.

ఫోన్ మారిస్తే తేడానే ఉండదని కాదు. ఉంటుంది, కొన్ని ఇళ్లలో బాగానే ఉంటుంది. కాకపోతే ఆ తేడా తెచ్చేవి డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసేవి కావు. మీ ఆపరేటర్ వాడే బ్యాండ్లు (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలు) ఆ ఫోన్లో ఉన్నాయా, మీ సిమ్‌తో అందులో వైఫై కాలింగ్ (ఇంటి వైఫై మీదుగా మామూలు కాల్) పనిచేస్తుందా, టవర్‌తో మాట్లాడే లోపలి చిప్ అయిన మోడెమ్, యాంటెన్నాలు ఎలాంటివి, చూడాల్సినవి ఇవి. వీటికంటే ముందు తేలాల్సింది ఇంకోటుంది: తప్పు ఫోన్‌దా, ఇంటిదా, సిమ్ కంపెనీదా? అది తేలకుండా కొంటే చీకట్లో బాణం వేసినట్టే.

గీతలు కాదు, అంకె

స్క్రీన్ మీద కనిపించే గీతలకి అందరికీ కలిపి ఒక ప్రమాణం లేదు. ఎంత సిగ్నల్ ఉంటే ఎన్ని గీతలు చూపించాలన్నది ఫోన్ తయారుచేసే కంపెనీ ఇష్టం. 2010లో ఐఫోన్ 4ని ఒక పద్ధతిలో పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందని గోల మొదలైనప్పుడు, గీతల్ని లెక్కగట్టే ఫార్ములానే తప్పని, చాలా సందర్భాల్లో ఉండాల్సిన దానికంటే రెండు గీతలు ఎక్కువ చూపిస్తోందని ఆపిల్ కంపెనీయే ఒప్పుకుంది. కాబట్టి పక్కింటాయన ఫోన్లో నాలుగు గీతలు, మన ఫోన్లో రెండు గీతలు ఉన్నంత మాత్రాన ఆయన ఫోన్ గొప్పదైపోదు.

చూడాల్సింది సిగ్నల్ శక్తిని కొలిచే డీబీఎం అంకె. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'కి వెళ్లి సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ దగ్గర మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. ఐఫోన్లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ పేజీ వస్తుంది. నెట్‌మాన్‌స్టర్ లాంటి ఉచిత యాప్ వేసుకుంటే ఏ బ్యాండ్ మీద ఉన్నదీ కూడా చెప్తుంది. మైనస్ అంకె కాబట్టి సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీకి ఉజ్జాయింపుగా మైనస్ 90 లోపు ఉంటే బెంగ లేదు, మైనస్ 105 దాటితే ఇంట్లో అటూ ఇటూ తిరిగినప్పుడల్లా మాట తెగుతుంటుంది, మైనస్ 115 దాటాక కాల్ నిలబడితే అదృష్టమే. ఈ లెక్కలో 3 తేడా వచ్చిందంటే సిగ్నల్ శక్తి సగమైనట్టు, 10 తేడా అంటే పదో వంతుకి పడిపోయినట్టు. అందుకే మైనస్ 95కీ మైనస్ 105కీ మధ్య తేడా చూడటానికి చిన్నదిగా ఉన్నా వాడకంలో చాలా పెద్దది.

ఇప్పుడున్న ఫోన్‌తోనే హాల్లో, పడగ్గదిలో, వంటింట్లో, బాల్కనీలో, డాబా మీద ఈ అంకె చూసి రాసుకుంటే సగం సంగతి తేలిపోతుంది. డాబా మీద మైనస్ 88 ఉండి పడగ్గదిలో మైనస్ 116 ఉంటే అడ్డం మీ ఇంటి గోడలు, స్లాబులే. డాబా మీదే మైనస్ 110 ఉందంటే టవర్ దూరంగా ఉంది, లేదా మధ్యలో కొండో పెద్ద బిల్డింగో ఉంది. మొదటి రకానికి వైఫై కాలింగ్ దాదాపు పూర్తి మందు. రెండో రకానికి ముందు సిమ్ కంపెనీ మార్చి చూడాలి, ఫోన్ సంగతి తర్వాత.

అంకె బాగుండి కూడా కాల్ కలవకపోవడం ఒకటుంది, దాన్ని ఏ ఫోనూ బాగుచేయలేదు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి కింద క్యూలైన్లలో నిలబడ్డప్పుడు గీతలన్నీ ఉంటాయి, నెట్ మాత్రం కదలదు, ఎందుకంటే ఆ టవర్ల సామర్థ్యాన్ని ఒకేసారి అంతమంది పంచుకుంటున్నారు. హైవే పక్కన తాడేపల్లి, కుంచనపల్లి వైపు లేచిన ఎత్తైన అపార్ట్‌మెంట్లలో పైఅంతస్తుల వాళ్లకి ఇంకో రకం తలనొప్పి రావచ్చు: అంత ఎత్తుకి నాలుగైదు టవర్ల సిగ్నల్ ఒకేలా అందుతుంది, ఒకదాన్ని ఇంకోటి చెడగొడుతుంది, ఫోన్ దేన్ని పట్టుకోవాలో తేల్చుకోలేక అటూ ఇటూ మారుతుంటుంది. యాప్‌లో ఎస్‌ఐఎన్‌ఆర్ అని ఇంకో అంకె కనపడుతుంది, చుట్టూ ఉన్న రొదతో పోలిస్తే మనకి కావాల్సిన సిగ్నల్ ఎంత ఉందో చెప్పేది, అది సున్నా కిందకి పోతుంటే సంగతి ఇదే. పదో అంతస్తులో ఉండి కూడా సిగ్నల్ లేదేంటి అని ఆశ్చర్యపోయేవాళ్లకి జవాబు చాలావరకు ఇక్కడుంది.

ఊరి తీరు

బెజవాడ మొబైల్ సిగ్నల్‌కి అంత అనువైన ఊరు కాదు. ఊరి మధ్యలోనే కొండలు: ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలు, గుణదల కొండ. టవర్ కొండకి అవతల ఉంటే ఇవతలి ఇళ్లు నీడలో పడతాయి. వన్‌టౌన్ సందుల్లో, విద్యాధరపురం వైపు కొండ మీదకి మెట్లు మెట్లుగా కట్టిన ఇళ్లలో రెండు వీధుల తేడాలో సిగ్నల్ మారిపోవడానికి కారణం అదే. గుంటూరు చదునైన ఊరు, ఆ బాధ లేదు, కానీ బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఇంటికి ఇల్లు ఆనుకుని, మూడు వైపులా గోడలే ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్లలో లోపలి గదులకి గాలే సరిగా రాదు, సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది. రేకుల షెడ్లు, ఇనుప షట్టర్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీల లోపలి గదులు సరేసరి, లోహం రేకు సిగ్నల్‌ని దాదాపు మొత్తం వెనక్కి కొట్టేస్తుంది. ఎండ తగలకుండా లోహపు పూత వేసిన అద్దాలు కొత్త ఆఫీసులకి, విల్లాలకి పెట్టిస్తున్నారు, అవీ ఆ కోవలోవే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కాలనీలో టవర్ పెడతామంటే రేడియేషన్ భయంతో అడ్డం పడేదీ, తర్వాత సిగ్నల్ లేదని ఆపరేటర్‌ని తిట్టేదీ చాలాచోట్ల ఒక్కళ్లే. 2012 సెప్టెంబర్ నుంచి మన దేశంలో టవర్ల రేడియేషన్ పరిమితి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పదో వంతు మాత్రమే. మరి టవర్ దూరమైతే ఏమవుతుంది? తలకి ఆనించుకున్న ఫోన్ ఆ దూరం అందుకోవడానికి తన శక్తినంతా పెట్టి అరుస్తుంది. 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపేది సుమారు 200 మిల్లీవాట్లు, టవర్ దగ్గరుంటే అందులో చాలా కొద్దిపాటితో పని జరిగిపోతుంది. సిగ్నల్ లేని ఇంట్లో ఫోన్ వేడెక్కడం, సాయంత్రానికే బ్యాటరీ అయిపోవడం కూడా ఇందువల్లే. దగ్గర్లో టవర్లు ఎక్కడున్నాయో టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో వెతుక్కోవచ్చు.

ముందు సిమ్, తర్వాత ఫోన్

మీ వీధిలో ఏ కంపెనీ బాగా అందుతుందో ఏ ప్రకటనా చెప్పదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాపులు పెట్టాలి, పెడుతున్నాయి కూడా, కానీ ఆ మ్యాపులో రంగు ఉన్నంత మాత్రాన మీ వంటింట్లో సిగ్నల్ ఉంటుందని కాదు, వీధిలో ఉంటుందని మాత్రమే అనుకోవాలి. చవకైన మార్గం వేరే కంపెనీ సిమ్ ఉన్న బంధువునో స్నేహితుడినో ఓ ఆదివారం భోజనానికి పిలిచి వాళ్ల ఫోన్లో అదే గదుల్లో అవే అంకెలు చూడటం. లేదంటే ఒక ప్రీపెయిడ్ సిమ్ తీసుకుని పాత ఫోన్లో వేసి వారం రోజులు చూడటం, దాని ఖర్చు కొత్త ఫోన్ ఖర్చులో ఓ మూలకి రాదు.

తేడా స్పష్టంగా ఉంటే పోర్ట్ పెట్టుకోవడం, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారడం, పెద్ద పనేం కాదు. PORT అన్న మాటని, పక్కన నంబరుని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి 1900కి మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది, అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఇప్పుడున్న కంపెనీలో కనీసం 90 రోజులు గడిచి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు. 2024 జులై నుంచి సిమ్ మార్పించుకున్నాక వారం దాకా పోర్ట్ కుదరదు, అందుకని పాత సిమ్ పాడైందని కొత్తది తీసుకుని వెంటనే పోర్ట్‌కి వెళ్తే పని ఆగిపోతుంది. బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్లు ఇంకోటి చూసుకోవాలి: ఏళ్ల తరబడి వాడుతున్న పాత సిమ్ 4జీ సిమ్ కాకపోవచ్చు, అది మార్పించకుండా ఎంత మంచి ఫోన్లో వేసినా 4జీ రాదు.

బ్యాండ్ల లెక్క

ఇక ఫోన్. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం పోతాయి, గోడల్లోంచి దూరతాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీవి వేగం ఇస్తాయి, గోడ దగ్గర ఓడిపోతాయి. అదే దూరం, అదే శక్తి అనుకుంటే 700 మెగాహెర్ట్జ్‌తో పోలిస్తే 3500 మెగాహెర్ట్జ్‌లో ఫోన్‌కి అందేది దాదాపు పాతికో వంతు, అదీ గోడలు లెక్కలోకి రాకముందు. టవర్ల మీద పెద్ద యాంటెన్నాలు పెట్టి ఆ లోటు కొంత పూడుస్తారు, అయినా ఇంటి లోపలికి వచ్చేసరికి తక్కువ బ్యాండే గతి.

కాబట్టి ఇంట్లో సిగ్నల్ కోసం కొనేవాళ్లు మీ సిమ్ కంపెనీ వాడే తక్కువ బ్యాండ్ ఫోన్లో ఉందా అన్నది అన్నిటికంటే ముందు చూసుకోవాలి. జియోకి 4జీలో అది 850, అంటే బ్యాండ్ 5. 5జీలో 700, అంటే ఎన్28. ఎయిర్‌టెల్, వీఐలకి 900, బ్యాండ్ 8. వీటికి పైన 1800 (బ్యాండ్ 3), 2100 (బ్యాండ్ 1), 2300 (బ్యాండ్ 40) లాంటివి ఉంటాయి, అవి మన దేశంలో అమ్మే దాదాపు ప్రతి ఫోన్లోనూ ఉంటాయి. నిజానికి 5, 8 కూడా ఇక్కడ అధికారికంగా అమ్మే ఫోన్లలో లేకపోవడం అరుదే.

ఇబ్బంది వచ్చేది బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్లకి. 2025 సెప్టెంబర్ 27న దేశమంతటా అధికారికంగా మొదలైన బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ ప్రధానంగా 700, అంటే బ్యాండ్ 28 మీద, 2100 మీద నడుస్తుంది. ఆ 700 బ్యాండ్ ఇళ్లలోకి, పల్లెల్లోకి బాగా చొచ్చుకుపోయే బ్యాండ్. కానీ 4జీలో బ్యాండ్ 28 లేని ఫోన్లు జనం చేతుల్లో ఇంకా చాలా ఉన్నాయి. పైగా స్పెసిఫికేషన్లలో 5జీ కింద 'ఎన్28' అని కనపడగానే బ్యాండ్ 28 ఉందనుకుంటారు. రెండూ ఒకే 700 మెగాహెర్ట్జే అయినా 4జీకి విడిగా, 5జీకి విడిగా ఉండాలి, ఒకటి ఉండి ఇంకోటి లేని ఫోన్లు ఉన్నాయి. తెనాలి వైపో కృష్ణా అవతల లంక గ్రామాల వైపో బీఎస్‌ఎన్‌ఎల్ మీదే ఆధారపడే ఇల్లయితే ఈ ఒక్క లైను కంపెనీ వెబ్‌సైట్లో వెతికి చదివాకే డబ్బు కట్టాలి. షాపులో కుర్రాణ్ని అడిగితే "అన్నీ సపోర్ట్ చేస్తుందండీ" అంటాడు, పాపం అతనికి మాత్రం ఏం తెలుసు.

వెబ్‌సైట్ అంటే ఆ కంపెనీ ఇండియా వెబ్‌సైటే. అదే పేరుతో వేరే దేశంలో అమ్మే ఫోన్లో బ్యాండ్లే కాదు, చిప్ కూడా వేరుగా ఉండొచ్చు. గెలాక్సీ ఎస్24 మన దగ్గర ఎక్సినోస్ 2400తో వస్తే అమెరికాలో స్నాప్‌డ్రాగన్‌తో వచ్చింది. అమెరికా యూట్యూబర్ రివ్యూ చూసి ఇక్కడ సిగ్నల్ సంగతి తేల్చుకోవడం కుదరదని చెప్పడానికి ఇది చాలు.

5జీ అన్నంత మాత్రాన

మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. "12 బ్యాండ్ల 5జీ", "14 బ్యాండ్ల 5జీ" అని ప్రకటనల్లో పోటీ నడుస్తుంది గానీ ఇక్కడ వాడకంలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతావి వేరే దేశాలకి వెళ్లినప్పుడు పనికొస్తాయేమో. జియో 5జీ 4జీ మీద ఆధారపడకుండా విడిగా నడిచే పద్ధతిలో, 3500తో పాటు 700లో కూడా ఉంది. అందువల్ల జియో సిమ్ ఉండి ఇంట్లో 4జీ అంతంతమాత్రంగా అందేవాళ్లకి ఎన్28 ఉన్న 5జీ ఫోన్ కొంటే నిజంగానే తేడా రావచ్చు, పాత 4జీ ఫోన్‌కి అసలు కనపడని సిగ్నల్ దీనికి కనపడుతుంది.

ఎయిర్‌టెల్ 5జీ మొదట్నుంచీ ప్రధానంగా 4జీ మీద వాలి నడిచే రకం, ఎక్కువగా 3500 మెగాహెర్ట్జ్ మీద. ఇంట్లో 4జీయే సరిగా లేకపోతే దాని మీద వాలే 5జీ కూడా నిలబడదు. అలాంటి ఇంట్లో 5జీ ఫోన్ కొన్నా కాల్స్ మెరుగుపడవు. పైగా బలహీనమైన 5జీ కోసం ఫోన్ మాటిమాటికీ వెతుకుతుంటే బ్యాటరీ కరిగిపోతుంది, వేడెక్కుతుంది. అసలే మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు, ఫోన్ బాగా వేడెక్కితే తనంతట తనే 5జీ ఆపేసి 4జీకి దిగిపోయేలా చాలా కంపెనీలు పెట్టాయి. ఇంట్లో ఉన్నంతసేపు నెట్‌వర్క్ సెట్టింగ్‌ని 4జీకి మార్చి వారం చూస్తే, ఫోన్ మార్చకుండానే సగం చిరాకు తగ్గేవాళ్లు చాలామందే ఉంటారు.

మోడెమ్, యాంటెన్నా: కనపడనివి

ఒకే సిమ్, ఒకే గది, రెండు ఫోన్లు. ఒకదాంట్లో మాట స్పష్టంగా, ఇంకోదాంట్లో తెగిపోతూ. దీనికి మోడెమ్ సగం కారణం, యాంటెన్నా సగం కారణం. పెళ్లి భోజనాల దగ్గర మైకు హోరులో కూడా ఎదుటివాడి మాట పట్టుకోగలిగే చెవి కొందరికే ఉంటుంది కదా, బలహీనమైన సిగ్నల్లో మంచి మోడెమ్ చేసే పని అదే. 2016లో ఐఫోన్ 7 రెండు రకాల మోడెమ్‌లతో వచ్చింది, కొన్నిట్లో క్వాల్‌కామ్, కొన్నిట్లో ఇంటెల్. సిగ్నల్ బాగున్నంతసేపు రెండిటికీ తేడా తెలియలేదు, సిగ్నల్ పలచబడేకొద్దీ ఇంటెల్ ఉన్నవి వెనకబడ్డాయని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. బయటికి చూస్తే అదే ఫోన్, అదే ధర. ఆ తర్వాత గూగుల్ పిక్సెల్ 6 నుంచి కొన్నేళ్లపాటు శాంసంగ్ మోడెమ్‌లు వాడినప్పుడు కూడా సిగ్నల్ మీద, వేడి మీద ఫిర్యాదులు ప్రపంచమంతా వచ్చాయి. కెమెరాకి అంత పేరున్న ఫోన్లవి.

యాంటెన్నాల సంగతి ఇంకా గుట్టు. 2016లోనే డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం 26 ఫోన్లని తలకి ఆనించి, చేత్తో పట్టుకున్నట్టుగా పెట్టి పరీక్షిస్తే, ఫోన్‌కీ ఫోన్‌కీ పెద్ద తేడాలు కనపడ్డాయి. ఒకే ఫోన్ కుడి చేతిలో ఒక రకంగా, ఎడమ చేతిలో ఇంకో రకంగా పనిచేసింది. ఖరీదైనవన్నీ పైన, చవకవన్నీ కింద అనేమీ లేదు. బాధాకరమైన సంగతేంటంటే ఇలాంటి కొలతలు కొనేవాడికి అందేచోట ఏ కంపెనీ పెట్టదు. 3500 మెగాహెర్ట్జ్ 5జీకి నాలుగు యాంటెన్నాలతో సిగ్నల్ అందుకోవాలని ప్రమాణాల్లోనే ఉంది కాబట్టి 5జీ ఫోన్లలో అవి ఉంటాయి, కానీ 850లో ఒక తరంగం పొడవే 35 సెంటీమీటర్లు, అంత తక్కువ బ్యాండ్‌కి చిన్న ఫోన్లో నాలుగు యాంటెన్నాలు ఇరికించడం కష్టం, ఎక్కువగా రెండే ఉంటాయి. అంటే మన ఇంటి లోపలికి వచ్చే బ్యాండ్ దగ్గరే ఫోన్ బలం తక్కువ.

కొనేవాడు చేయగలిగింది పరిమితమే. చిప్ ఏదో చూసి, అదే ఫోన్ వాడేవాళ్లు సిగ్నల్ గురించి ఏమంటున్నారో వెతకాలి, అందులోనూ మన దేశంలో, మన సిమ్‌ల మీద వాడేవాళ్లు. మధ్యరకం స్నాప్‌డ్రాగన్, డైమెన్సిటీ చిప్‌ల మధ్య ఇది గొప్పది అది కాదని గిరి గీయడానికి ఆధారం లేదు, చేసేవాళ్లు అభిమానంతో చేస్తున్నారంతే. వెనకాల ఇనుప ప్లేటో, కార్లో పెట్టుకునే అయస్కాంతమో అంటించిన కవర్ ఉంటే మాత్రం ముందు అది తీసి చూడాలి. కొత్త ఫోన్ కొన్న రోజే పాత కవర్‌లాంటిదే తగిలించి మళ్లీ సిగ్నల్ లేదనేవాళ్లు కూడా ఉన్నారు.

వైఫై కాలింగ్

ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే పైన చెప్పిన తలనొప్పిలో చాలా భాగం అనవసరం. వైఫై కాలింగ్ అంటే వాట్సాప్ కాల్ కాదు. మామూలు నంబరుకి మామూలు నంబరు నుంచే కాల్, కాకపోతే టవర్ బదులు ఇంటి వైఫై మీదుగా సిమ్ కంపెనీకి చేరుతుంది. అవతలివాళ్ల దగ్గర ఏమీ ఉండక్కర్లేదు, ల్యాండ్‌లైన్‌కి చేసినా వెళ్తుంది. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్లో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి, తర్వాత వీఐ వచ్చింది. వైఫై ఆ కంపెనీదే కానక్కర్లేదు, కేబుల్ ఆపరేటర్ ఇచ్చే ఏపీ ఫైబర్‌నెట్ అయినా చాలు. కాల్‌కి పట్టే డేటా చాలా తక్కువ, అందుకే ప్లాన్ వేగం కంటే లైను మధ్యలో తెగకుండా ఉండటం ముఖ్యం.

ఇక్కడే ఫోన్ ఎంపిక నిజంగా అక్కరకొస్తుంది. వైఫై కాలింగ్ ఫోన్లో ఉంటే సరిపోదు, మీ సిమ్ కంపెనీ ఆ మోడల్‌కి ఒప్పుకుని ఉండాలి. కంపెనీల వెబ్‌సైట్లలో ఏయే ఫోన్లకి పనిచేస్తుందో జాబితా ఉంటుంది. కొనేముందు దాన్ని చూడటం బ్యాండ్లు చూడటంతో సమానమైన పని. ఇప్పుడున్న ఫోన్లోనే ఈ ఆప్షన్ ఆఫ్‌లో పడి ఉందేమో కూడా చూడాలి, సిమ్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ అనే మీట ఒకటి ఉంటుంది, అది ఆన్ చేసుకుంటే కొత్త ఫోన్ ఖర్చే తప్పిపోయే ఇళ్లు ఉన్నాయి.

ఆన్ చేసినా పనిచేయట్లేదని అనేవాళ్లు ఎక్కువ. కారణం చాలావరకు ఇది: ఇంట్లో సిగ్నల్ పూర్తిగా లేకపోతే ఫోన్ వైఫైకి మారుతుంది, కొద్దిగా ఉంటే ఆ కొద్దిదాన్నే పట్టుకుని వేలాడుతుంది. అదే సెట్టింగ్ లోపల కొన్ని ఫోన్లలో 'వైఫై ప్రిఫర్డ్' అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, దానికి మార్చాలి. అది లేని ఫోన్లో ఫ్లైట్ మోడ్ వేసి వైఫై మాత్రం ఆన్ చేస్తే చచ్చినట్టు వైఫై మీదే కాల్ వెళ్తుంది. పనిచేస్తోందో లేదో పరీక్షించడానికి కూడా ఇదే దారి. ఆ స్థితిలో ఒక కాల్ చేసి, ఒక కాల్ రప్పించి, బ్యాంక్ యాప్‌లో ఒక ఓటీపీ తెప్పించి చూడాలి. కాల్ వచ్చి ఓటీపీ రాకపోతే గ్యాస్ బుకింగ్ నుంచి రిజిస్ట్రేషన్ ఆఫీసు పనుల దాకా అన్నీ మళ్లీ డాబా ఎక్కాల్సినవే.

కరెంట్ పోతే రూటర్ ఆగుతుంది, రూటర్ ఆగితే కాల్స్ ఆగుతాయి. ఇన్వర్టర్ లైను రూటర్ ఉన్న ప్లగ్గు దాకా లేని ఇళ్లకి రూటర్ కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లయితే ఫోన్ మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి అది కొనడం మెరుగు. 2024 సెప్టెంబర్లో బుడమేరు వరద సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు కరెంట్ లేని ఇళ్లలో ఫోన్ ఎంత అవసరమైందో ఊరందరికీ తెలుసు. అలాంటప్పుడు ఒక్క వైఫై మీదే ఆధారపడకుండా వేరే కంపెనీది రెండో సిమ్ కూడా ఉంచుకోవాలి. ఐఫోన్, పిక్సెల్ లాంటి కొన్ని ఫోన్లలో ఒక సిమ్‌కి సిగ్నల్ లేనప్పుడు రెండో సిమ్ డేటా మీదుగా మొదటి సిమ్ కాల్స్ నడిపించే సౌకర్యం కూడా ఉంది, ఇది కూడా వైఫై కాలింగ్‌కి సిమ్ కంపెనీ ఒప్పుకున్నప్పుడే.

అమెరికా నుంచి వచ్చే ఫోన్లు

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో దీని గురించి చెప్పకపోతే వ్యాసం సగమే. కొడుకో కూతురో సెలవులకి వస్తూ తెచ్చే ఫోన్. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టుకునే చోటే లేదు, ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ ఒక్కటే. అక్కడి కంపెనీకి లాక్ అయి ఉంటే ఇక్కడ సిమ్ పనిచేయదు, లాక్ తీయించాకే తేవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లయితే అక్కడి మోడల్లో ఇక్కడి బ్యాండ్ 40 లాంటివి లేకపోవచ్చు, ఉన్నా మన సిమ్‌లకి వోల్టీ (4జీ మీదుగా కాల్ నడిపే పద్ధతి), వైఫై కాలింగ్ రాకపోవచ్చు. వోల్టీ లేకపోతే జియోలో మామూలు కాల్ కూడా వెళ్లదు, ఎందుకంటే దానికి 2జీ, 3జీలు లేవు. లక్ష రూపాయల ఫోన్ కాల్ కోసం వాట్సాప్ మీద ఆధారపడటం ఇలాగే జరుగుతుంది. సిగ్నల్ సమస్య ఉన్న ఇంటికి ఇక్కడ కొన్న పదిహేను వేల ఫోనే దానికంటే నయం.

బూస్టర్లు, రిటర్నులు

సిగ్నల్ బూస్టర్, రిపీటర్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతారు. అనుమతి లేకుండా వాటిని పెట్టడం మన దేశంలో నేరం, పైగా చవకరకం బూస్టర్ టవర్‌ని గందరగోళపరిచి వీధి మొత్తానికి సిగ్నల్ చెడగొడుతుంది. ఫోన్ వెనక అంటించే సిగ్నల్ స్టిక్కర్లయితే వట్టి మోసం.

ఆన్‌లైన్‌లో కొంటే ఇప్పుడు చాలా ఫోన్లకి రిటర్న్ లేదు, లోపం ఉంటే మార్చి ఇవ్వడమే, అదీ వారంలోపు. 'మా ఇంట్లో సిగ్నల్ తక్కువ' అన్నది వాళ్ల దృష్టిలో లోపం కాదు. అందుకని ఫోన్ వచ్చిన మొదటి సాయంత్రమే పాత ఫోన్, కొత్త ఫోన్ పక్కపక్కన పెట్టి, కవర్లు తీసేసి, అదే సిమ్‌ని అందులోనూ ఇందులోనూ వేసి, రాసుకున్న అవే చోట్ల డీబీఎం అంకెలు చూడాలి. రెండూ ఒకే బ్యాండ్ మీద ఉన్నప్పటి అంకెలే పోల్చాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. అంకె నిమిష నిమిషానికీ కదులుతుంటుంది కాబట్టి మూడు నాలుగు తేడాని పట్టించుకోనక్కర్లేదు. ప్రతి గదిలోనూ కొత్తది పది దాకా వెనకబడిందంటే ఆ ఫోన్లో యాంటెన్నా దగ్గరే ఏదో తేడా ఉండొచ్చు, స్క్రీన్‌షాట్లు తీసి గడువు దాటకముందే మార్పించుకోవాలి. అంకెలు దాదాపు ఒకేలా ఉండి కాల్స్ మాత్రం ఇదివరకటిలాగే తెగుతుంటే కొత్త ఫోన్ తప్పేమీ లేదు, పోర్ట్ మెసేజ్ పంపడమో వైఫై పెట్టించుకోవడమో మిగిలింది.